అమ్మ నేసిన మూర

గద్వాల నుంచి అచ్చంపేట దాకా బస్సులు మారుతూ వచ్చినా, సింధూజ తన బడిసంచిని ఒక్కసారి కూడా ఒళ్లోంచి దించలేదు. కండక్టరు పైన పెట్టమన్నాడు. పక్క సీటులోని ఆమె కాళ్ల దగ్గర పెట్టుకోమని చోటిచ్చింది. ఇద్దరికీ తల ఊపి, సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. కారణం చెప్పమంటే ఆమెకు నోరు పెగలదు. పదో తరగతి పరీక్షలకు ముందు హాజరు పిలిచినా ఆమె గొంతు మూడో బెంచీ దాటేది కాదు.

సంచిలో పుస్తకాలు లేవు. పాత పంచెలో చుట్టిన చీర ఉంది. తెల్లటి నూలు ఒళ్లు, ఆకుపచ్చ పట్టు అంచు, జరీ కొంగు. ఇంకా ఒక్క నీటిచుక్క తగలని చీర.

దాని కథ పదేళ్ల నాటిది. సింధూజకు ఐదేళ్లప్పుడు జ్వరం నెత్తికెక్కి నాలుగు రోజులు కళ్లు తెరవలేదు. వాళ్లమ్మ రామేశ్వరమ్మ పుట్టిల్లు నల్లమల అంచున ఉన్న ఊరు. ఆ అడవిలో గుట్టల పైన బండలమడుగు అని ఒక నీళ్ల మడుగు ఉందట. ఎంత కరువొచ్చినా ఎండదట. ఒడ్డున ఒక రాయి ఉంటుంది, దాన్నే మడుగుతల్లి అంటారు. నాలుగో రోజు రాత్రి రామేశ్వరమ్మ ఆ దిక్కుకు తిరిగి, "నా బిడ్డ కండ్లు తెరిస్తే నా ఇంట్ల నేసిన చీర తెచ్చి నీకు పెడత తల్లీ" అని మొక్కింది. తెల్లారేసరికి పిల్ల కళ్లు తెరిచి గంజి అడిగింది.

పిల్ల బతికింది కానీ మొక్కు తీరలేదు. నూలు సేటుది, పట్టు సేటుది. మగ్గం మీంచి దిగిన ప్రతి చీరా సేటు దుకాణానికి పోయేది. ఈ ఏడు కాదు పై ఏడు అనుకుంటూ పదేళ్లు గడిచాయి. పోయిన దసరా తర్వాత గానీ సొంతానికి ఒక చీరకు సరిపడా పడుగు నూలు చేతికి రాలేదు. రామేశ్వరమ్మ ఆ పడుగును తెల్లవారుజామున వీధి పొడవునా సాచి, తన చేత్తో కాచిన గంజి పెట్టి, కుంచెతో తీసి, ఒక్కో పోగూ విడదీసి ఆరబెట్టింది. అప్పటికే ఆమెను దగ్గు పట్టుకుంది. పడుగు మగ్గమెక్కేసరికి ఆమె మంచమెక్కింది.

గద్వాల చీర ఒక్కరు నేసేది కాదు. ఒళ్లు నూలు, అంచు పట్టు. అడ్డంగా పోయే నూలు పేక అంచు దాకా పోయి, అక్కడ పట్టు పేకతో చేయి కలిపి వెనక్కి తిరగాలి. అందుకని నేసేవాడి కుడి పక్కన అంచు పట్టు పోగు నింపిన నాడె విసరడానికి ఇంకో మనిషి కూర్చుంటుంది. సింధూజ తండ్రి కురుమూర్తి పక్కన పద్దెనిమిదేళ్లు కూర్చున్న మనిషి రామేశ్వరమ్మ. ఇప్పుడా చోట బడి నుంచి వచ్చి సింధూజ కూర్చుంది. తల్లి మంచంలోంచే చప్పుడు విని, "వదులు పట్టినవ్ బిడ్డా, జర గుంజు" అనేది. నాడె చప్పుడును బట్టి ఆమెకు తెలిసిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె గోడ పట్టుకుని లేచి వచ్చింది. "జరుగు. నన్నొక్క మూరెడు నెయ్యనియ్యి" అంది. కురుమూర్తి వద్దనలేదు. ఆ పూట ఆమె సరిగ్గా ఒక మూరెడు నేసి, ఆయాసపడుతూ వెళ్లి పడుకుంది. మరి లేవలేదు. పన్నెండో రోజు పోయింది.

ఆ మూరెడు మొదలైన చోట ఒక చుక్క, అయిపోయిన చోట ఒక చుక్క కురుమూర్తి ఆనాడే పెట్టి ఉంచాడు. పసుపు పెడితే పట్టుకు మరక అంటుతుంది. దారం కడదామంటే మొక్కు చీరకు వేరే పోగు తగలకూడదు. అందుకని సింధూజ బడి నుంచి తెచ్చుకున్న సుద్దముక్కతో పెట్టాడు. ఆకుపచ్చ అంచు మీద రెండు తెల్ల చుక్కలు. నిజానికి చుక్కలు లేకున్నా ఆ మూరెడు కంటికి తెలిసేది. రామేశ్వరమ్మ పట్టు పేకను ఒక పిసరు ఎక్కువ గుంజేది. అక్కడ అంచు వెంట్రుకవాసి లోపలికి పోయి ఉండేది. అటూ ఇటూ సింధూజ నేసిన అంచు కాస్త వదులు.

ఆమె పోయిన పదకొండో రోజున పరామర్శకు వచ్చిన ఆడవాళ్ల నడుమ మేనత్త నాగేంద్రమ్మ, "మొక్కు మింగితే ఆ తల్లి ఊకుంటదా? బిడ్డను ఇడిసిపెట్టి తల్లిని తీస్కపోయింది" అంది. ఆ మాట తలుపు చాటునున్న సింధూజకు వినబడింది. ఎవరికీ చెప్పలేదు. తనకోసం మొక్కిన మొక్కు. తనకు బదులు పోయిన తల్లి.

పరీక్షలు అయ్యాక కురుమూర్తి, "పోదాం బిడ్డా. మీ అమ్మ మాట మిగిలిపోవద్దు" అన్నాడు. సింధూజ సరేనంది. కానీ గద్వాల బస్టాండు నుంచి ఆమె నోట్లో ఒక మాట సిద్ధంగా ఉంది. "నాయినా, అమ్మ నేసిన ఆ ఒక్క మూర మనం ఉంచుకుందమా?" అంతే మాట. వనపర్తి దగ్గర అందామనుకుంది. నాగర్‌కర్నూల్‌లో నాయిన టీ తాగేటప్పుడు అందామనుకుంది. దేవతకిచ్చిన దాంట్లో వాటా అడిగితే మళ్లీ ఏమవుతుందో అని, అన్నింటికన్నా ఎక్కువగా నాయిన ముఖం ఎట్లవుతుందో అని, ఆ మాట గొంతులోనే ఉండిపోయింది.

అడవి మొదలయ్యే చోట, రోడ్డు పక్కన భీమయ్య వీళ్లకోసం కూర్చుని ఉన్నాడు. చెంచు ముసలాయన. భుజాన విల్లు, నడుముకు చిన్న కత్తి, ఒంటి మీద ఎవరో ఇచ్చిన ఎన్నికల పార్టీ బనీను. రామేశ్వరమ్మ చిన్నప్పుడు వాళ్లింటికి తేనె తెచ్చి ఇచ్చేవాడు. ఊరి ఆడబిడ్డ మొగుడు కనుక కురుమూర్తి ఆయనకు అల్లుడు.

కురుమూర్తి యూరియా సంచికి పాత మగ్గం తాళ్లు కుట్టి వీపున తగిలించుకున్నాడు. అందులో రెండు రోజులకు సరిపడా జొన్న రొట్టెలు, పల్లి కారం, అటుకులు, ఒక గొంగడి. చేతిలో ఐదు లీటర్ల నీళ్ల డబ్బా. దాన్ని చూసి భీమయ్య నవ్వాడు.

"నీళ్ల కాడికి నీళ్లు మోస్తున్నవా అల్లుడా?"

"తొవ్వల దొరుకుతయో దొరకవో అని, మామా."

"దొరుకుతయి. నువ్వు నడుస్తవా నడవవా, గది చెప్పు."

ఆ ప్రశ్నకు జవాబు తొందరగానే తెలిసింది. పన్నెండేళ్ల వయసు నుంచి కాళ్లు మగ్గం గుంటలో పెట్టుకుని కూర్చున్న మనిషి. సమనేల మీదే ఆయన నడక బాతులా ఉంటుంది. మొదటి గుట్టకే మోకాళ్లు పట్టేశాయి. ప్రతి వంద అడుగులకూ ఒక బండ చూసుకుని కూలబడుతున్నాడు.

"కాళ్లు గా గుంటలనే మర్చి వచ్చినవా ఏంది?" అన్నాడు భీమయ్య.

"అవే నయముండె మామా. ఇవి ఎవరివో తెల్వదు," అన్నాడు కురుమూర్తి రొప్పుతూ.

తల్లి పోయాక నాయిన నోట ఒక నవ్వుల మాట సింధూజ వినడం అదే మొదలు.

ఎండాకాలం కావడంతో చెట్లన్నీ బోసిపోయి ఉన్నాయి. కింద ఎండుటాకులు మోకాలి దాకా. అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. వెదుర్లు ఒకదాన్నొకటి రాసుకుంటుంటే మగ్గం మూలిగినట్టే ఉందని సింధూజకు అనిపించింది. భీమయ్య దారిలో తునికి పండ్లు రాల్చి ఆమె దోసిట్లో పోశాడు.

"తిను బిడ్డా. మీ అమ్మ ఇవి తిన్నదంటే గింజలు లెక్కవెట్టి ఉమ్మేసేది. నాకంటే నీకే ఎక్కువిచ్చిండని తమ్మునితోని కొట్లాడేది."

"అమ్మ కొట్లాడేదా తాతా?" అంది సింధూజ. ఆ రోజు ఆమె పలికిన మొదటి మాట అది.

"కొట్లాడుడా! నా తేనె కుండకు ముంతెడు నీళ్లు కలిపినవని ఊరందరి ముంగట కడిగిపారేసింది. అప్పుడు ఇంతుండె," అని తన నడుము దగ్గర చేయి పెట్టి చూపించాడు.

"కలిపినవా మరి?"

భీమయ్య ముందుకు నడుస్తూ, "జర కలిపిన," అన్నాడు.

సింధూజకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. ఎరుగని తల్లి ఒకామె ఈ చెట్ల కింద తిరిగిందన్నమాట. ఎరిగిన తల్లి మాత్రం సంచిలో ఒక మూరెడు ఉంది. దాన్ని కూడా వదిలి రావడానికే ఇంత దూరం నడుస్తున్నారు.

పొద్దు వాలే వేళకు గుట్ట పైకి చేరారు. రెండు బండల సందులోంచి అవతలికి చూడగానే సింధూజ ఆగిపోయింది. చుట్టూ ఎర్రటి బండలు. నడుమ నీళ్లు. అంత పెద్ద అడవి ఎండి కరకరలాడుతుంటే ఆ నీళ్లకు మాత్రం ఆ సంగతే తెలియనట్టు నిండుగా, కదలకుండా ఉన్నాయి. ఒడ్డున మోకాలెత్తు రాయి. దాని మీద ఎవరెప్పుడు పెట్టారో, వెలిసిపోయిన కుంకుమ.

"నీళ్ల కాడ పొద్దుగూకినంక ఏం చెయ్యొద్దు. పొద్దుగాల చూద్దాం," అన్నాడు భీమయ్య. బండ కింద గొంగడి పరిచి ముగ్గురూ రొట్టెలు తిని పడుకున్నారు. సింధూజ సంచిని తలకింద పెట్టుకుంది. గంజి వాసన వచ్చింది. తన నోట్లోని మాటను మళ్లీ ఒకసారి పెదవుల దాకా తెచ్చుకుని మింగేసింది.

తెల్లారి కురుమూర్తి మడుగులో స్నానం చేసి, తడి బట్టలతో వచ్చి, చీర తీయమన్నాడు. సింధూజ పంచె విప్పింది. ఎండ తగిలి జరీ కొంగు మెరిసింది. భీమయ్య చెయ్యి తగిలించకుండా వంగి చూశాడు.

"అబ్బ! మా తల్లికి గింత మంచి చీరనా? ఎవ్వరు తేలే ఇట్లాంటిది." కొంగు నుంచి కొస దాకా చూసి, "సగం ఎక్కడికి చించుతవు మరి?" అన్నాడు.

కురుమూర్తికి అర్థం కాలేదు. "చించుడేంది మామా? చీర మొత్తం ఆమెదే."

"మొత్తం ఎవరియ్యమన్నరు? ఇక్కడ గట్ల లేదు అల్లుడా. తేనె పిండితే సగం తుట్టె ఈగలకు ఇడిసిపెడ్తం. గడ్డ తవ్వితే సగం గడ్డ మన్నుల ఉంచి కప్పుతం. అడవిల మొత్తం తీసుకోరు, మొత్తం ఇయ్యరు. సగం ఆమెకు పెట్టు, సగం బిడ్డకు కప్పి తోల్కపో. రామేశ్వరికి తెలుసు గద ఈ సంగతి. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పే అవసరం వస్తుందని ఆమె అనుకోలేదేమో. తనే వచ్చి తన చేత్తో పెట్టుకుంటాననుకుంది కదా.

సింధూజ గద్వాల నుంచి మోసుకొచ్చిన మాట తనంత తానే బయటికి దూకింది. "నాయినా! అమ్మ నేసిన మూర మనకు రావాలె!"

అంత గట్టిగా అన్నందుకు ఆమే బెదిరిపోయింది. మాట అవతలి బండకు తగిలి మళ్లీ వినబడింది. కురుమూర్తి కూతురి వైపు తిరిగాడు.

"ఇదేనా తల్లీ, నిన్నటి సంది గొంతుల పెట్టుకున్నవు?" అన్నాడు. "నాకూ గదే ఉన్నది. అడగరాదని ఊకున్న."

తండ్రీ కూతుళ్లిద్దరూ వంగి అంచు మీద రెండు చుక్కలను చూసుకున్నారు. చీరకు సరిగ్గా నడిమి భాగంలో ఉన్నాయి. తెల్లగా, నిన్న పెట్టినట్టే. ఆ మూరెడు తమ సగంలోకి వచ్చేలా ఎటు కొలిచి చించాలో కురుమూర్తి మనసులోనే లెక్క వేసుకున్నాడు. ఎన్నో నెలలకు సింధూజ ఒంట్లోంచి ఏదో బరువు జారిపోయినట్టయింది.

"ముందుగాల నీళ్లల్ల ముంచుండ్రి. పొడి బట్ట ఆమె తీసుకోదు. తర్వాత చించుదాం," అన్నాడు భీమయ్య.

ఇద్దరూ మోకాలి లోతు నీళ్లలోకి దిగారు. కురుమూర్తి ఎడమ పక్క, సింధూజ కుడి పక్క, మగ్గం మీద కూర్చునే తీరులోనే. చీరను సాచి నీళ్ల మీద పరిచారు. అది కాసేపు తేలింది. ఒళ్లంతా గాలి బుడగలతో ఉబ్బి, మెల్లగా బరువెక్కి, కిందికి దిగింది.

అప్పుడు చీర చుట్టూ నీళ్లు తెల్లబడ్డాయి. పలచటి పొగమంచులా ఏదో చీరలోంచి విడిపోయి నీళ్లలోకి పాకుతోంది. సింధూజ భయపడింది. "నాయినా, ఏందది?"

"గంజి," అన్నాడు కురుమూర్తి. "మీ అమ్మ పెట్టిన గంజి."

ఎక్కడెక్కడి నుంచో వేలెడు వేలెడు చేపలు వచ్చాయి. పదులు, వందలు. తెల్లటి మబ్బులో మూతులు పెట్టి తాగుతున్నాయి. చీర మీద చేరి పోగుపోగునూ పీలుస్తున్నాయి. ఒకటి సింధూజ వేలిని కూడా కొరికి చూసింది. తెల్లవారుజామున వీధిలో కుంచె పట్టుకుని, దగ్గుకుంటూ వెనక్కి వెనక్కి నడిచిన తల్లి ఆమెకు కళ్లకు కట్టింది. ఆ గంజి ఇక్కడ చేపలకు తిండి అవుతుందని ఆనాడు ఎవరికి తెలుసు.

చీరను ఎత్తారు. చేతుల్లో అది వేరే బట్ట. మగ్గం మీంచి దిగినప్పుడు అట్టలా నిలబడిన చీర ఇప్పుడు మెత్తగా, ముడతలుగా వేలాడుతోంది. బండ మీద పరిచి కురుమూర్తి నడిమి భాగం వెతికాడు. సింధూజ చుక్కలు వెతికింది.

చుక్కలు లేవు.

సుద్దముక్క. నీళ్లు. బడిలో నల్లబల్లను తడిబట్టతో తుడిచిన పిల్లకు ఆ మాట తట్టలేదు. ముప్పై ఏళ్లు చీరలు నేసిన మనిషికీ తట్టలేదు. తట్టడానికి, ఆయన నేసిన చీర ఒక్కటైనా తడవడం ఆయన ఎప్పుడు చూశాడు గనుక? మగ్గం మీంచి మడత పెట్టి సేటుకిచ్చాక అది ఎవరి ఒంటి మీద ఉంటుందో, ఎవరు ఉతుకుతారో ఆయనకు తెలియదు. ఆ ఇంటి ఆడవాళ్లు ఏనాడూ గద్వాల చీర కట్టలేదు. మరక పడకూడదని జాగ్రత్తపడ్డాడే గానీ, తడుస్తుందని అనుకోలేదు.

"చుక్కతోని పనేముంది?" అన్నాడు కురుమూర్తి గబగబా. "మీ అమ్మ చెయ్యి కండ్లు మూసుకుని చెప్త నేను."

కళ్లు మూసుకుని అంచును బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని, కొస నుంచి కొస దాకా జరుపుకుంటూ పోయాడు. మధ్యలో ఆగాడు. లేదని తల ఊపాడు. వెనక్కి వచ్చాడు. మళ్లీ పోయాడు. తడిసిన పట్టు ముడుచుకుపోయింది, నూలు కుంచించుకుపోయింది. అంచంతా ఒకే తీరుగా అలలు అలలుగా ఉంది. అంతటా లోపలికి పోయినట్టే ఉంది, ఎక్కడా పోనట్టూ ఉంది. మూడోసారి పోయాడు.

"కొంగు నుంచి ఎన్నో మూర నాయినా?"

"ఆరో... ఏడో." మోచేతితో కొలిచాడు. పన్నెండు మూరల చీర పదకొండున్నరే వచ్చింది. "గుంజుకపోయింది బిడ్డా. కొలత దొరుకుతలేదు."

బండ మీద ఆయన అట్లాగే కూర్చుండిపోయాడు. పద్దెనిమిదేళ్లు పక్కన కూర్చున్న మనిషి చేతిని గుర్తుపట్టలేని తన వేళ్ల వైపు చూసుకుంటూ. సింధూజ నాయిన ఏడవడం శ్మశానం దగ్గర కూడా చూడలేదు. ఇప్పుడు చూసింది.

భీమయ్య వచ్చి పక్కన కూర్చుని, "నడిమి కంటె జర ఎక్కువనే మీరు ఉంచుకోండ్రి. ఆమె కొలుస్తదా?" అన్నాడు.

"నేను కొలుస్త గద మామా," అన్నాడు కురుమూర్తి ముఖం తుడుచుకుని. "నా చేతుల మీది బట్ట ఎవరికీ తక్కువ కొలతతోని ఇయ్యలే. ఈమెకు ఇస్తనా?"

చీరను కొసకు కొస కలిపి సరిగ్గా రెండు మడతలు వేశాడు. మడత పడిన చోటే అటో ఇటో ఆ మూరెడు ఉంది. భీమయ్య తన కత్తితో రెండు అంచులనూ కోసి ఇచ్చాడు. మిగిలింది చేత్తో చించాలి. కురుమూర్తి ఒక పక్క పట్టుకున్నాడు గానీ చెయ్యి సాగలేదు. నేసిన బట్టను చించే అలవాటు ఆ చేతులకు లేదు.

"గుంజు బిడ్డా," అన్నాడు.

సింధూజ గుంజింది. తడిబట్ట పెద్దగా చప్పుడు చేయలేదు. మూలిగినట్టు మెల్లగా విడిపోయింది.

కొంగు లేని చీర దేవతకు కట్టకూడదు కనుక కొంగు ఉన్న సగాన్ని రాయికి చుట్టారు. రెండో సగం కూతురి భుజాల మీద కప్పాడు కురుమూర్తి. చల్లగా తగిలి ఆమె వణికింది.

"రెండు దిక్కులా ఉంటది లే మీ అమ్మ," అన్నాడు భీమయ్య.

మంచి మాటే. కానీ సింధూజకు అది ఓదార్పు కాలేదు. రెండు దిక్కులా ఉండటమంటే ఏ దిక్కునా ఇదీ అని చూపించలేకపోవడమే కదా అనుకుంది. మొక్కు తీరింది. ఇక మేనత్త ఏమీ అనడానికి లేదు. అయినా రాయి దగ్గర దండం పెట్టుకునేటప్పుడు ఆమెకు అడగడానికి ఏమీ తోచలేదు. నిన్న పొద్దున్నే ఆ మాట అని ఉంటే, ఇంట్లోనే నాయినకు చెప్పి ఉంటే, ఈ తాత ముందే సగం సంగతి చెప్పి ఉండేవాడు కదా, పొడిగా ఉన్నప్పుడే ఏదో ఒక గుర్తు కోసి పెట్టుకునేవాళ్లం కదా అని మాత్రం అనిపించింది.

దిగేటప్పుడు ఎండ ముదిరింది. తడి సగం సంచిలో పెడితే మరక పడుతుందని కురుమూర్తి తన వీపు మీది యూరియా సంచి పైన పరిచి, నాలుగు మూలలూ మగ్గం తాళ్లకు కట్టించుకున్నాడు. బాతు నడక నడుస్తూ, బండ బండకూ ఆగుతూ ఆయన ముందు. వెనక సింధూజ.

ఎండకు చీర కొంచెం కొంచెంగా ఆరుతోంది. ఆరిన కొద్దీ నూలు తెల్లబడుతోంది, పట్టు మెరుపు తేలుతోంది. తునికి చెట్ల దగ్గర భీమయ్య పండ్లు కావాలా అని అడిగితే ఆమె వద్దని తల ఊపింది. ఎండుటాకుల్లో ఎక్కడ అడుగు వేస్తోందో కూడా చూడటం లేదు. ఆమె కళ్లు నాయిన వీపు మీది ఆకుపచ్చ అంచునే పట్టుకుని ఉన్నాయి. పూర్తిగా ఆరాక, గంజి లేకపోయినా సరే, ఎక్కడో ఒకచోట ఆ అంచు వెంట్రుకవాసి లోపలికి పోతుందేమోనని.

రోడ్డు కనబడే వేళకు చీర ఆరిపోయింది. "బస్సు వస్తున్నట్టుంది, జల్ది రా బిడ్డా" అన్నాడు కురుమూర్తి. సింధూజ రెండడుగులు ముందుకు వేసి, అంచును వేళ్ల నడుమ పట్టుకుని, చివరి నుంచి వెతకడం మళ్లీ మొదలుపెట్టింది.